మూల మెషీన్

తమ్ముడి కొట్లో మనుషులు కూర్చోవడానికి చోటుండదు. ఉన్న రెండు కుర్చీల్లోనూ పాత కంప్యూటర్లే కూర్చుని ఉంటాయి. అందుకని లెక్కల టీచర్ బల్లకి ఆనుకుని నిలబడే ఒక్కో లాప్‌టాప్‌నీ ముందుకి లాక్కుని చూస్తోంది. ముందు మూత తెరిచి, వదిలినచోట నిలుస్తుందో, నిద్ర వచ్చినట్టు వెనక్కి వాలిపోతుందో చూడడం. తర్వాత బాణం గుర్తులున్న నాలుగు మీటలూ, కింద ఉండే పొడుగు మీటా వేళ్ళు నొప్పెట్టేలా నొక్కడం. ఆటలు చేసే పిల్లలు ముందుగా ప్రాణం తీసేది ఆ అయిదింటిదే అని ఒక్క టర్ములోనే ఆవిడకి తెలిసొచ్చింది.

బళ్ళో సాయంత్రాలు కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం నేర్పే క్లాసుకి ఆవిడే టీచరు. లెక్కలు వచ్చినవాళ్ళకి కంప్యూటర్లు ఎలాగూ వచ్చేస్తాయని పెద్దమేడం నమ్మకం. మొదటి బ్యాచ్‌కి మెషీన్లు కొన్నదీ, సాఫ్ట్‌వేర్ ఎంచిందీ ఈవిడే. రెండో బ్యాచ్‌కి కూడా మీరే చూడండి అని పెద్దమేడం అనేసరికి పైకి "అబ్బా, మళ్ళీ నేనేనా" అన్నా, లోపల బాగానే మురిసింది.

"పేషెంటుని డాక్టరు కూడా ఇంతసేపు చూడడక్కా," అన్నాడు తమ్ముడు, స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కుంటూ.

"ఈసారి అలాంటిది అంటగట్టకురా."

"ఎలాంటిది?"

"ఆ మూలది."

"దానికేం? నడవట్లేదా?"

"నడుస్తోంది. నడవడమే నడుస్తోంది. పరిగెత్తమంటేనే గోల."

"నేనేమన్నా దాచానా? బడివాళ్ళు ఇచ్చిన డబ్బు పదింటికే సరిపోతుంది, పిల్లలేమో పదకొండుమంది అని నువ్వే తల పట్టుకున్నావు. పదకొండోది ఊరికే ఇచ్చాను. కాస్త బద్ధకపు ఘటం, మూల పెట్టెయ్యి, ఎవరూ గమనించరు అన్నాను. నువ్వు సరే అన్నావు."

అన్నది. వాడు అబద్ధమేం చెప్పలేదు. టీచర్ పెన్‌డ్రైవ్ తీసి తర్వాతి మెషీన్‌కి తగిలించింది. అందులో రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి, రెండూ ఉచితంగా దొరికేవే. మొదటిదాంట్లో బొమ్మ కదలాలంటే సెకనుకి ఎంత దూరం అని చెప్పాలి. రెండోదాంట్లో ఆ తిప్పలు లేవు, రంగు దిమ్మల్ని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు, ఆకుపచ్చ కప్ప గెంతుతుంది. అక్కడ లెక్క గడియారంతో కాదు. మెషీన్ దిమ్మలన్నీ ఒక చుట్టు చదివినప్పుడల్లా బొమ్మ ఒక అడుగు వేస్తుంది. మెషీన్ చురుకైతే సెకనులో బోలెడు చుట్లు, మొద్దుదైతే నాలుగే. మొదట్లోనే గడియారం గొడవ పిల్లలకెందుకని ఆవిడ కప్పనే ఎంచింది. మెషీన్లన్నీ ఒకే రకమైతే చిక్కేం లేదుగా అనుకుంది. ఈసారి కూడా కప్పనే తెరిచి, అది గెంతుతుంటే చూసి, "ఇది పక్కన పెట్టు" అంది తమ్ముడితో.

మర్నాడు బడి హాల్లో పిల్లల ఆటల ప్రదర్శన. గోడకి తెల్లటి తెర కట్టారు. ప్రొజెక్టర్‌కి టీచర్ తన సొంత లాప్‌టాప్ తగిలించింది. కొత్తది, సర్రుమని పనిచేస్తుంది. ల్యాబ్‌లోంచి పదకొండు మెషీన్లు మోసుకురావడం ఎందుకు, పిల్లలు పెన్‌డ్రైవ్‌లో తెస్తే ఒక్కదాంట్లోనే అందరివీ చూపించెయ్యొచ్చు అన్నది ఆవిడ ఆలోచనే. ముందువరసలో పెద్దమేడం, ఆవిడ పక్కన ఊళ్ళోని కాలేజీ నించి వచ్చినాయన. సెలవుల్లో వాళ్ళ కాలేజీలో పైక్లాసు ఉంది. ప్రతి బడినించీ మూడు పేర్లే తీసుకుంటారు. ఆట బాగా నడిచినవాళ్ళ పేర్లు సాయంత్రానికి పెద్దమేడం రాసి పంపాలి.

క్లాసులో నత్త అని పిలిచే పిల్ల తన వంతుకి ముందు టీచర్ దగ్గరికొచ్చింది. మూలమెషీన్ దగ్గర కూర్చునేది ఈ పిల్లే. అందరి తెరల మీదా కప్ప గెంతడం మొదలెట్టాక కూడా ఈ పిల్ల తెర నల్లగానే ఉండేది, అందుకని పిల్లలు ఆ పేరు పెట్టారు. పెట్టింది పిల్లలే. వినీ విననట్టు నవ్వింది మాత్రం టీచరే.

"టీచర్, అమ్మ వచ్చింది. కొట్టు మూసేసి వచ్చింది," అంది నత్త గుసగుసగా.

"మంచిదేగా. భయమెందుకు?"

"పేరొస్తే సెలవుల్లో కాలేజీకి పంపిస్తానంది. రాకపోతే ఇంక కంప్యూటర్ లేదు, సాయంత్రాలు కొట్లో ఉండమంది."

హాలు వెనకాల తలుపు పక్కన నిలబడి ఉంది ఆ పిల్ల తల్లి. రెండు వీధుల అవతల ఇస్త్రీ కొట్టు ఆమెది. వచ్చేముందు మొహం కడుక్కున్నట్టుంది, చెవుల దగ్గర జుట్టు ఇంకా తడిగానే ఉంది. కూతురు తనవైపు చూడగానే గడ్డం కొంచెం పైకెత్తింది, కానివ్వు అన్నట్టు.

నత్త చేసిన ఆటలో దండేల మీద బట్టలు ఆరేసి ఉంటాయి. ఎడంవైపు నించి మబ్బు వస్తుంటుంది. బుట్ట పట్టుకున్న పిల్లని బాణం మీటలతో పరిగెత్తించి, వాన మొదలయ్యేలోగా బట్టలన్నీ తీసెయ్యాలి. చొక్కాలకి బొత్తాలు కూడా గీసింది. తెర మీద బొమ్మ కనపడగానే హాల్లో ఎవరో "భలే ఉందే" అన్నారు.

నత్త పొడుగు మీట నొక్కింది. మబ్బు ఎక్కడ బయల్దేరిందో ఎవరికీ కనపడలేదు, బాణంలా వచ్చి కుడిగోడకి కొట్టుకుంది. 'వాన పడింది. బట్టలన్నీ తడిశాయి' అని అక్షరాలొచ్చాయి. బుట్టపిల్ల ఇంకా ఒక్కడుగైనా వెయ్యలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వాన. మూడోసారి ముందుగానే బాణం మీట నొక్కిపెట్టి ఉంచింది. బుట్టపిల్ల ఒక్క గెంతులో తెర దాటి బయటికి పోయింది, వెనకాలే వాన పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు.

"నా మెషీన్‌లో బాగానే ఆడింది, టీచర్," అంది నత్త.

టీచర్ చేతిలో మైకుంది. హాలంతా తనవైపే చూస్తోంది. "ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ మొదట చెప్పే మాట అదేనమ్మా!" అంది. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. కాలేజీ ఆయన కూడా నవ్వి, చేతిలో కాగితం మీద ఏదో కొట్టేశాడు. నత్త పెన్‌డ్రైవ్ లాగి, దాని మూత జాగ్రత్తగా పెట్టుకుని దిగిపోయింది. ఆట అంటే అంతే కాబోలనుకుని వెనకాల తల్లి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు టీచర్‌కి గుచ్చుకున్నాయి. ఎందుకో అప్పటికి తెలియలేదు. తర్వాత ఇంకో ముగ్గురు పిల్లల్ని పిలవాల్సి ఉంది, పిలిచింది.

అందరూ వెళ్ళాక ల్యాబ్ సర్దడానికి వెళ్ళింది. మెషీన్లన్నిటి మూతలూ వేసి, చివరికి మూలకి వచ్చింది. అది ఇంకా వెలుగుతోంది. పొద్దున నత్త ఆఖరిసారి సరిచూసుకున్నట్టుంది, తెర మీద దండేలూ బట్టలూ అలాగే ఉన్నాయి. పొడుగు మీట నొక్కింది.

మబ్బు నెమ్మదిగా బయల్దేరింది. నిజం మబ్బులాగే, వస్తుందా రాదా అన్నట్టు వచ్చింది. బుట్టపిల్ల మొదటి దండెం దగ్గరికి నడిచింది. టీచర్ రెండు చొక్కాలు తీసింది, దుప్పటి తీసింది, చిన్నపిల్ల గౌను అందుకోబోతుంటే వాన పడిపోయింది. "అయ్యో" అని పైకే అనేసింది. ఎప్పుడు లాక్కుందో కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది. మళ్ళీ ఆడింది. దుప్పటి ముందే వేస్తే బుట్ట నిండిపోయి ఒంపి రావాల్సొస్తుంది, చిన్నబట్టలు ముందు తీసి దుప్పటి ఆఖర్న తియ్యాలి అని మూడో ఆటకి పట్టుకుంది. పదకొండు ఆటల్లోనూ ఆలోచించి ఆడాల్సిన ఆట ఇదొక్కటే.

దిమ్మలు తెరిచి చూసింది. అడుగు ఎంత అన్నచోట మిగతా పిల్లలందరూ నాలుగు, అయిదు పెట్టుకున్నారు, అందుకే కొత్త మెషీన్లో వాళ్ళవి కాస్త చురుగ్గా నడిచాయంతే. నత్త అరవై పెట్టుకుంది. టీచర్ దాన్ని చెరిపి నాలుగు వేసి చూసింది. మబ్బు కదిలినట్టే లేదు. వేలు పెట్టి చూస్తే కదిలింది అనిపించింది. అంటే ఆ పిల్ల నాలుగుతో మొదలుపెట్టి, కదలక, పది చేసి, ఇరవై చేసి, రోజుల తరబడి మీదికి పెంచుకుంటూ వచ్చి, ఈ మొద్దు మెషీన్ కాలికి సరిపడా చెప్పులు కుట్టుకుంది. వాటిని తీసుకెళ్ళి టీచర్ తన గుర్రం కాలికి తొడిగింది.

ఇంకెవరైనా అయితే అర్థం కావడానికి ఒక రోజు పట్టేదేమో. లెక్కల టీచర్‌కి అరనిమిషం కూడా పట్టలేదు. అదే ఇబ్బంది. నాలుగు మళ్ళీ అరవై చేసి, మెషీన్ ఆపి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా ల్యాబ్‌కి తాళం వేసుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు నత్త బడికి రాలేదు. మూడు పేర్లు పంపేశామని పెద్దమేడం కబురుచేసింది. అందులో నత్త పేరు ఉండదని తెలిసినా, టీచర్ వెళ్ళి కాగితం చూసొచ్చింది. ఆ రోజు రెండు క్లాసుల్లో బోర్డు మీద కూడికలు తప్పు చేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వెనకబెంచీ వాళ్ళు దేనికో కిసుక్కుమంటే తన గురించేనేమో అనుకుంది.

సాయంత్రం ఇస్త్రీ కొట్టుకి వెళ్ళింది. ఒకటే గది. గోడ పొడుగునా మడతపెట్టిన బట్టల దొంతరలు, ఒక్కోదాని మీద ఎవరి ఇంటివో చీటీ. తల్లి చొక్కా కాలర్ మీద నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించింది, ఆవిరి లేచింది. కూతురు నేల మీద కూర్చుని మేజోళ్ళు జతలు వెతుకుతోంది. టీచర్‌ని చూసి లేచి నిలబడింది.

"అయ్యో, టీచర్ గారూ, కబురుపెడితే మేమే వచ్చేవాళ్ళం కదా," అని తల్లి స్టూలు మీద బట్టలు గబగబా తీసేసింది. "బడి ఎగ్గొట్టిందని వచ్చారా? రేపు పంపిస్తాను. నిన్నటినించీ మొహం అదోలా పెట్టుకుని ఉంది."

"దానికి కాదు. నిన్న ఆట అలా అయింది కదా... తప్పు పాపది కాదు. మెషీన్‌లో చిన్న తేడా ఉంది."

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటున్నారు. దీనికి తొందర ఎక్కువ. చూశారుగా, మబ్బు ఎలా ఉరికిందో! నెమ్మదిగా చెయ్యవే అని మేము చెప్తూనే ఉంటాం."

టీచర్ చెప్పాల్సిన మాట ఒకటే ఉంది, 'నాకు ముందే తెలుసు' అని.  దానికి బదులు ఇంకో మాట బయటికొచ్చింది.

"అయినా అంత స్లోగా ఉంటే ఒక్కమాట నాతో చెప్పొద్దటే? చెప్తే నేను చూసేదాన్ని కదా."

అనగానే తనమీద తనకే అసహ్యం వేసింది. నత్త చేతిలో మేజోడు వేలికి చుట్టుకుంటూ అంది: "చెప్పాను టీచర్. మొదటివారమే. మీరు 'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు."

టీచర్‌కి ఎంత వెతుక్కున్నా గుర్తురాలేదు. అని ఉంటుంది. ఆ మాట తను రోజుకి పదిసార్లు అంటుంది, పెన్ను రాయట్లేదన్నవాడినీ, స్కేలు వంకరన్నవాడినీ.

"సరైన మాటే అన్నారు," అని తల్లి మెచ్చుకోలుగా నవ్వింది. "టీ తాగుతారా?"

తాగింది. తాగి, రేపు బడికి రమ్మని చెప్పి లేచింది. వీధి మలుపు దాకా వచ్చాక ముందుకీ వెళ్ళలేదు. వెనక్కీ వెళ్ళలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళ్ళి, ఆ ఆకులు కూడా పట్టుకోకుండా టీ తాగి వచ్చినందుకు తనని తాను తిట్టుకుంటూ కాసేపు అక్కడే నిలబడింది.

పొద్దున్నే, ఇంకో ఆలోచన రాకముందే, పెద్దమేడం గదికి వెళ్ళింది. పెద్దమేడం కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నది. మెషీన్ సంగతి, అరవై సంగతి, చుట్ల సంగతి.

"అయితే పాపం, ఆ పిల్లకి అన్యాయమే జరిగింది. కానీ మెషీన్లలో తేడా ఉందని కాలేజీకి రాస్తే కొన్నదెవరు అంటారు. మీ తమ్ముడి కొట్టు అని నేను చెప్పాలి. అది మొద్దుదన్న సంగతి మీకెప్పుడు తెలిసింది? నిన్నేగా? అలాగే రాద్దాం."

తప్పించుకోవడానికి పెద్దమేడమే తలుపు తెరిచి పట్టుకున్నట్టయింది. అందులోంచి వెళ్ళిపోవచ్చు. టీచర్ బల్ల అంచు పట్టుకుంది.

"నిన్న కాదండీ. కొన్నప్పుడే తెలుసు. తెలిసే మూల పెట్టాను. అన్నీ ఒకటే అని పిల్లలకి చెప్పాను."

పెద్దమేడం కళ్ళజోడు పెట్టుకుని ఆవిడని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఈ మాట ఆయనకి మీరే చెప్పండి, నేను చెప్పను," అంది. ఫోను ముందుకి జరిపి, "వచ్చే టర్మ్ క్లాసు సైన్స్ మాస్టారు చూస్తారు. మెషీన్ల కొనుగోలు కూడా ఆయనే," అంది.

కాలేజీ ఆయన ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. ఆ పిల్లనీ, ఆ మెషీన్‌నీ తీసుకురండి, చూస్తాను అన్నాడు.

బస్సులో వెళ్ళారు. టీచర్ ఆ మెషీన్‌ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకు వెళ్తున్నారో నత్తకి చెప్పింది, ఆట మళ్ళీ చూస్తారట అని మాత్రమే. కాలేజీ గదిలో మెషీన్ తెరుచుకోవడానికి పట్టిన సేపూ ముగ్గురూ నల్లటి తెరనే చూస్తూ కూర్చున్నారు. టీచర్ రెండుసార్లు గడియారం చూసుకుంది. నత్తకి అలవాటే కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కుదురుగా ఉంది.

ఆయన ఆడాడు. దుప్పటి ముందు తీశాడు, వాన పడింది. చొక్కాలు ముందు తీశాడు, గౌను తడిసింది. "ఒక్క నిమిషం," అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నాలుగో ఆటకి అన్నీ తీసి, వాన ఖాళీ దండేల మీద పడుతుంటే వెనక్కి వాలి నవ్వాడు. "అమ్మాయ్, దుప్పటి ఆఖర్న తియ్యాలని నీకెవరు చెప్పారు?"

"మా ఇంట్లో అలాగే తీస్తామండీ."

"సరే. సెలవులు మొదలవగానే వచ్చెయ్. ఇంకో కుర్చీ వేయిస్తాను." తర్వాత టీచర్‌వైపు తిరిగాడు. "ఇంత తేడా ఉన్న మెషీన్‌ని చూసుకోకుండా ఎలా ఇచ్చారండీ?"

నత్త పక్కనే ఉంది. బయటికెళ్ళి ఆడుకో అనడానికి ఏదైనా వంక దొరుకుతుందేమోనని టీచర్ ఒక్క క్షణం గది అంతా చూసింది. తర్వాత, "చూసుకునే ఇచ్చాను. ఇది మొద్దుదని నాకు ముందే తెలుసు," అంది. ఆయన ఇబ్బందిగా దగ్గి, కాగితం మీద నాలుగో పేరు రాసుకున్నాడు.

తిరిగొచ్చే బస్సులో జనం లేరు. నత్త కిటికీ పక్కన కూర్చుంది. టీచర్ ఎదురుచూస్తోంది, దేనికో తనకే తెలియదు. థాంక్స్ చెప్తుందేమోననే ఆశ కూడా ఒక మూల లేకపోలేదు, మనిషి మనసు అంత సిగ్గులేనిది.

"మీకు ఎప్పుడు తెలిసింది టీచర్?"

"కొన్నరోజే."

"ఇది తీసుకోకపోతే పదే ఉండేవి కదా?"

"అవునమ్మా. పదే."

"అప్పుడు ఒకళ్ళకి క్లాసు ఉండేది కాదు."

"ఉండేది కాదు," అంది టీచర్. గుండెల మీద బరువు కొంచెం జరిగినట్టనిపించింది. అదే తను ఈ నాలుగు రోజులూ తనకి తాను చెప్పుకుంటున్న మాట. లేనిదానికన్నా మొద్దుది నయం కదా. పోనీలే, పిల్లకి అర్థమైంది.

నత్త తువ్వాలు మూట మీద చెయ్యి వేసింది. "ఇది మంచిదే టీచర్. నాకేం కష్టం లేదు. స్లోదని చెప్పి ఇస్తే సరిపోయేది."

టీచర్ తలూపింది.

"నాకే తెలివి లేదనుకున్నాను," అంది నత్త. "అందరికీ నాలుగు సరిపోతుంటే నాకు అరవై కావాల్సొచ్చేది కదా. రోజూ ఇంటికెళ్ళి అమ్మకి అదే చెప్పేదాన్ని, నాకు బుర్ర తక్కువే అని. అమ్మ కూడా నమ్మేసింది."

మాటలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. బస్సు ఇస్త్రీ కొట్టు వీధి దగ్గర ఆగింది. నత్త లేచి, వెళ్ళొస్తాను టీచర్ అని దిగిపోయింది. కొట్టు తలుపులోంచి తల్లి బయటికి వచ్చి, ఏమైంది అన్నట్టు గడ్డం పైకెత్తి చూసింది.

బస్సు కదలబోతోంది. టీచర్ మెషీన్‌ని చంకలో పెట్టుకుని, "ఆపండి, ఇక్కడే దిగాలి," అంటూ లేచింది. ఆ పిల్లకి బుర్ర తక్కువ కాదని ఆ తల్లికి చెప్పాల్సింది తనే.